హల్వా నోట్ల పెట్టని సువైలిం

ఫజర్ నమాజు అయ్యి ఇంకా ఎంతో సేపు కాలే. కోట బురుజు మీద చీకటి పూర్తిగ ఇడువలే. నవంబరు నెల. కొండల మీదికెళ్లి దిగే గాలి చల్లగ చెవుల్ల దూరుతున్నది. మర్హూన్ కడుపుల మాత్రం మంట లేసింది. రాత్రి తిన్న ఎండుచేపల అన్నం ఎప్పుడో అరిగిపోయింది. లేవంగనే పెండ్లాం శంసా పలుచటి రొట్టె కాల్చి, మీద నెయ్యి, తేనె పోసి ముంగట పెట్టింది. ఆ వాసన ఇంకా ముక్కుల్నే ఉన్నది. తినలే. చక్కెర బీమారి నడక మొదలయ్యే డేరా కాడ రక్తం చూస్తరు, పరిగడుపున రావాలె అని సువైలిం చెప్పి ఉండె.

"నీ మాట పట్టుకుని రొట్టె ఇడిచిపెట్టి వచ్చిన," అన్నడు మర్హూన్. "శంసా మొఖం చూడాల్సి ఉండె. వేరే ఇంట్ల తిని వచ్చిన్నేమో అన్నట్టు చూసింది."

సువైలిం నవ్విండు.

"నువ్వు తిన్నవా అన్నా?"

"తిన్న."

"నువ్వు తిని నన్ను మాడ్చినవా?"

"నాకేమున్నదో నాకు ఎర్కనే గద. నాకెందుకు సూది? నీకు ఉన్నదో లేదో చూపిచ్చుకో పో. జర మెల్లగ మాట్లాడు."

ఎవరన్న విన్నరేమో అని మర్హూన్ ఎన్కకు తిరిగి చూసిండు. వాళ్లిద్దరి నడుమ ఉన్న దాపరికం అది ఒక్కటే. సువైలింకు చక్కెర బీమారి ఉన్నది. అది దుకాణం యజమాని అబూ యాకూబ్ చెవిన పడొద్దు. పడితే సువైలిం చేతుల తెడ్డు ఉండది.

ఇద్దరూ నిజ్వా బజార్ల అబూ యాకూబ్ హల్వా దుకాణంల పనోళ్లు. ఒకటే రాగి గంగాళానికి ఒకరు ఇటు, ఒకరు అటు నిలబడి తలలు నెరిసినోళ్లు. ఒకరు తెడ్డు తిప్పుతుంటే ఇంకొకరు చెమట తుడుచుకోవాలె, చేతులు మార్చుకోవాలె. సువైలిం పెద్ద, ఉస్తాదు. మర్హూన్ చిన్న, రెండో చెయ్యి.

సువైలింది కొండ మీద ఊరు. వాళ్ల నాయినకు నాలుగు మేకలు, కొన్ని దానిమ్మ చెట్లు ఉండె. ఒకసారి కరువొచ్చి కాలువ ఎండిపోయింది, చెట్లు పోయినయ్. మీసం రాకముందే కిందికి దిగిండు. మొదట దుకాణం ఎన్క కట్టెలు కొట్టే పని. అబూ యాకూబ్ నాయిన ఉన్నప్పుడు ఒకరోజు తెడ్డు తిప్పేటాయన చెయ్యి కాలింది. గంగాళంల పాకం మరుగుతున్నది, పట్టేటోడు లేడు. కట్టెలు కొట్టే సువైలిం గొడ్డలి కింద పడేసి వచ్చి తెడ్డు అందుకున్నడు. మల్ల ఇడువలే.

హల్వా మాటిమాటికి చిట్లి మీద పడుతది. సువైలిం ముంజేతుల మీద పాత మచ్చలు, కొత్త మచ్చలు కలిసిపోయి తోలంతా చుక్కలు చుక్కలు అయ్యింది. పెండ్లి అయ్యింది గని ఆమె జల్దినే పోయింది. మల్ల చేసుకోలే. అక్క జువైనాను తెచ్చుకుని బజారు ఎన్క ఒక అర్రల ఉంటుండె. మాట తక్కువ. మాట్లాడితే మటుకు అందరూ ఆగి వినాలె. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, "మీ హల్వాల కుంకుమపువ్వు తక్కువైందయ్యా," అంటే, "మీ ఇంట్ల పెండ్లి ఉన్నదా?" అని అడిగిండు. లేదంటే, "మరి అంత రంగు ఎందుకు?" అన్నడు. ఆ పెద్దమనిషే నవ్వుకుంట రెండు డబ్బాలు ఎక్కువ కొనుక్కపోయిండు.

ఉస్తాదు అంటే రుచి చూసేటోడు. ఎంతసేపు తిప్పినా, నెయ్యి ఎంత పోసినా, దించే గడియ నాలుకకే ఎర్క. బొటనవేలి మీద ఒక బొట్టు తీసుకుని, ఊది, నోట్ల పెట్టుకుని, కండ్లు మూసుకుని సువైలిం "ఇగ సాలు" అంటే కింద మంట గుంజాలె. రోజూ గంగాళం ఎన్క గంగాళం, ఎన్ని బొట్లు పోయినయో ఆ కడుపులకు. ఒక ఎండకాలం ముంజేతి మీద కాలిన పుండు మానుతలేదని దవాఖానకు పోతే అప్పుడు బయటపడ్డది. కట్టెల కుప్ప కాడ మర్హూన్‌ను పక్కకు పిలిచి చెప్పిండు.

"ఇగ నేను నోట్ల పెట్టొద్దట."

"అట్లయితే ఎట్లనే?"

"అదే నిన్ను అడుగుతున్న."

ఆ అడుగుడుకు మర్హూన్ పానం పొంగిపోయింది. సువైలిం ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆరోజు సంది ఒక ఉపాయం చేసుకున్నరు. పాకం తెడ్డు మీదికెళ్లి ఎట్ల జారుతున్నదో సువైలిం చూస్తడు. మర్హూన్ వీపు తిప్పి ఒక బొట్టు నాలుక మీద వేసుకుంటడు. ఇంకా కావాలంటే దగ్గుతడు. అయ్యిందంటే మీసం తుడుచుకుంటడు. అప్పుడు సువైలిం ఉత్త వేలు నోట్ల పెట్టుకుని, కండ్లు మూసుకుని, "ఇగ సాలు" అంటడు. మొదటి మొదట మర్హూన్ నాలుక తప్పులు పోయింది. ఒకసారి ఉత్తగనే దగ్గు వచ్చి గంగాళం గట్టిపడ్డది. "తమ్మీ, నీకు జలుబు చేస్తే ఊరంతటికి పండ్లు ఊడుతయ్," అన్నడు సువైలిం. మెల్లమెల్లగ కుదిరింది. హల్వా పేరు పోలే.

అబూ యాకూబ్ చెడ్డోడు కాదు. అయితే ఆయన మాట ఒకటి సువైలిం మనసుల ముల్లు లెక్క ఉండె. పక్క బజార్ల ఒక ముసలి ఉస్తాదుకు నాలుక మీద రుచి పోయిందని తెలిసి, "రుచి తెల్వనోడు తెడ్డు పట్టుడు, కండ్లు లేనోడు ఒంటెను తోలుడు ఒకటే," అన్నడు. అది విన్నప్పటి సంది సువైలిం ఇంకా పైలంగ ఉంటుండె.

ఇగ ఈ నడక సంగతి. రయ్యా అని ఒక డాక్టరమ్మ బజార్ల దుకాణం దుకాణం తిరిగింది. చక్కెర బీమారి ఉన్నోళ్ల కోసం నడవాలె, నడిచే ఒక్కొక్కరి పేరు మీద వ్యాపారులు ఇంత అని ఇస్తరు, దాంతోని లేనోళ్లకు మందులు, కాళ్లకు మెత్తటి చెప్పులు ఇస్తం అని చెప్పింది. అబూ యాకూబ్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "మా దుకాణం ముంగట ఉంటది అమ్మా," అన్నడు. ఎవరిని పంపాలె అని చూస్తుంటే సువైలిం, "నేను పోత," అన్నడు.

ఎవరికీ అనుమానం రాలే. జువైనాకు పోయిన ఏడు కాలు తీసేసిన్రు, అదే బీమారితోని. బజారంతటికి ఎర్కనే. ఆమెనే తమ్మున్ని పొమ్మన్నది. "నా పాదం మట్టిల పెట్టొచ్చినం. నీవి ఇంకా ఉన్నయ్. నడువు," అన్నదట. తోడుగ మర్హూన్‌ను కూడ గుంజుకొచ్చిండు సువైలిం.

డేరా కాడ మర్హూన్ వేలు గుచ్చి చూసిన్రు. ఏం లేదన్నరు. ఏం లేదంటే ఆకలి ఇంకా ఎక్కువైంది. అందరికీ నీలం రంగు టోపీలు పంచిన్రు. సువైలిం తన కుట్టుపని టోపీ తీయలే, దాని మీదనే నీలంది పెట్టుకున్నడు. పొడుగు అంగి మీద అది చూసి మర్హూన్, "మినారు మీద పావురం కూసున్నట్టున్నది," అన్నడు.

"కూసోని. ఎగిరిపోకుంటే సాలు."

ఖర్జూరం తోటల పక్కపొంటి, ఎండిన వాగు పొంటి నడిచిన్రు. పొద్దు ఎక్కుతున్నది. బడి పిల్లలు, పోలీసోళ్లు, కర్రలు పట్టుకున్న ముసలోళ్లు, నల్ల బురఖాలల్ల గుంపులుగ ఆడోళ్లు. తోటల పని చేసుకునే ఒక ముసలాయన గోడ మీది నుంచి, "ఏందయ్యా, ఇంతమంది మంద లేకుంట ఏడికి పోతున్నరు?" అని అడిగిండు. "మేమే మంద, తాతా," అన్నడు మర్హూన్.

సువైలిం ఆరోజు మస్తు మాట్లాడిండు. అంతకుముందెన్నడు మాట్లాడనంత. ఎడమ పాదం ఒక పక్క మొద్దుబారిందని, చెప్పుల రాయి ఉన్నా తెలుస్తలేదని, రోజూ పొద్దున చెప్పు తిరగేసి దులిపి ఏసుకుంటున్నా అని చెప్పిండు. నడుచుకుంటనే అటు ఇటు చూసిండు.

"చూడు మర్హూన్. ఈళ్లల్ల నాసొంటోళ్లు ఎంతమంది ఉన్నరో. అందరూ అక్క కోసం, అమ్మ కోసం అనుకుంటనే నడుస్తున్నరు."

"అయితే?"

"అయితే ఏం లేదు. నేనే చెప్త అనుకుంటున్న. అబూ యాకూబ్‌కు. రంజాన్ గిరాకి అయినంక. నా అంతట నేను, నా నోటితోని. తెడ్డు నా చేతుల నుంచి తీసుకోక ముందే నేనే దించి పెడితే అది వేరే ఉంటది."

"నువ్వు దించుడేంది? నేను దగ్గుడు బంద్ చేసిన్నా?"

"ఎన్ని రోజులు దగ్గుతవ్ తమ్మీ? నీ గొంతు కూడ పోతది."

మర్హూన్ నవ్విండు. నవ్విండు గని, ఆ మాట అప్పుడే మనసుల గట్టిగ పెట్టుకుని ఉంటే బాగుండు. తర్వాత ఎన్నిసార్లు అనుకున్నడో ఆ సంగతి.

నడక కోట ముంగటి మైదానంల ముగిసింది. చెట్ల కింద చాపలు పరిచి ఉన్నయ్. చాపల మీద పెద్ద పెద్ద పళ్లాలు. పళ్లాలల్ల నిగనిగలాడే హల్వా. అబూ యాకూబ్ పెద్ద పండుగ అంగి ఏసుకుని, నడుముకు వంకీ కత్తి పెట్టుకుని, అందరికీ ఎదురొచ్చి సలాం చెప్తున్నడు. అంతకుముందు రోజు ఆ హల్వా తిప్పింది వీళ్లిద్దరే. ఎవరిదో పెండ్లికి అనుకున్నరు.

డాక్టరమ్మ పళ్లాల దిక్కు చూసింది. "అయ్యా, ఇది చక్కెర బీమారి నడక," అన్నది.

"ఎర్కనే బిడ్డా. అందుకే చక్కెర జర తగ్గిచ్చినం," అన్నడు అబూ యాకూబ్. "ఇంత దూరం మా ఊరి మట్టిల నడిచొచ్చినోళ్లను ఉత్త నోటితోని పంపితే రేపు నా మొఖం ఎట్ల చూపిచ్చుకోను? బీమారి బీమారే, మర్యాద మర్యాదనే."

చుట్టూ ఉన్న ముసలోళ్లు, "నిజమే, నిజమే," అన్నరు. అందుల ముగ్గురు నలుగురు అప్పటికే చాప మీద కూసుండి చెయ్యి కడుక్కుంటున్నరు. డాక్టరమ్మ తల పట్టుకున్నది. ఆఖరికి ఆమెకు కూడ నవ్వొచ్చింది.

అబూ యాకూబ్ దుకాణంల ఒక పద్ధతి ఉన్నది. వాళ్ల తాత కాలం నాటిది. పది మందికి పెట్టే పళ్లెం అయితే చేసినోడు అందరి ముంగట మొదటి ముద్ద తినాలె. మా చెయ్యి శుభ్రం, మా మనసు శుభ్రం అని చెప్పినట్టు. ఎన్నో పెండ్లిల్లల్ల సువైలిం అట్లనే తిన్నడు. బీమారి వచ్చినంక మాత్రం పెండ్లిల్లకు పోకుంట ఏదో ఒకటి చెప్పి తప్పిచ్చుకుంటుండె.

"మా ఉస్తాదు ఏడి?" అన్నడు అబూ యాకూబ్. "సువైలిం, రా అయ్యా. నువ్వు మొదలు పెడితేనే అందరికీ."

గుంపు జరిగి తొవ్వ ఇచ్చింది. సువైలిం పోయి చాప మీద మోకాళ్ల మీద కూసున్నడు. నీలం టోపీ తీసి పక్కకు పెట్టిండు. కుడి చెయ్యి ముంగటికి చాపిండు. మూడు వేళ్లు హల్వాకు ఆనబోతున్నయ్.

మర్హూన్ ఎన్క నిలబడ్డడు. ఆ వేళ్లను చూస్తున్నడు. జువైనా కాలు కండ్ల ముందటికొచ్చింది. మొద్దుబారిన పాదం అన్న మాట చెవుల మోగింది. పొద్దటి సంది డేరా కాడ, తొవ్వల, అందరూ ఈ బీమారి గురించి ఎంత ప్రేమగ మాట్లాడిన్రు. ఇదేం సిగ్గు పడే చోటు కాదు గద అనిపిచ్చింది. నోరు దానంతటదే తెరుచుకున్నది.

"ఆయన తినొద్దు. ఆయనకు షుగర్ ఉన్నది. ఎన్ని రోజుల సందో నోట్ల పెడ్తలేడు."

సువైలిం చెయ్యి అట్లనే ఆగింది.

 డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "చూడండి, ఎంత ధైర్యమో. హల్వా చేసే మనిషే హల్వా మానేసిండు," అని అందరికీ వినబడేటట్టు చెప్పింది. మైదానం అంతా చప్పట్లు. ఎవరో సువైలిం భుజం పట్టి లేపిన్రు. ఆయన నడుమ నిలబడ్డడు, ముంజేతులు అంగి చేతులల్ల దాసుకుని. అబూ యాకూబ్ మాత్రం చప్పట్లు కొట్టలే. మర్హూన్ దిక్కు చూసిండు, సువైలిం దిక్కు చూసిండు.

"మరి రుచి ఎవరు చూస్తున్నరు?" అని మెల్లగ అడిగిండు.

చప్పట్లల్ల ఆ మాట వాళ్లిద్దరికే వినబడ్డది.  జవాబు ఆయనకు అప్పటికే ఎర్కనే.

ఇంటికి పోయేటప్పుడు ఇద్దరూ ఒకటే తొవ్వ. 

"నిన్ను కాపాడుదామనే అన్న అన్నా," అన్నడు మర్హూన్.

"ఒక్క ముద్ద. ఒక్క ముద్దకు సచ్చిపోదునా?"

"ఆ సమయానికి..."

"నన్ను అడిగినవా?"

 సువైలిం తన ఇంటి దిక్కు మర్లిండు.

తెల్లారి అబూ యాకూబ్ ఇద్దరినీ కూసోబెట్టి ఖహ్వా కాఫీ పోసిండు. కోపం చెయ్యలే. కోపం చేసినా బాగుండు. "ఇన్నేండ్లు మా అన్నం తిన్నవ్, మా పేరు నిలబెట్టినవ్, నిన్ను పొమ్మంటనా?" అన్నడు సువైలింను. "ఇగ వేడి కాడ నిలబడకు. ముంగట కూసో. వచ్చినోళ్లకు ఖహ్వా పొయ్యి, డబ్బాలు అందియ్యి. మర్హూన్ నాలుకనే ఇన్ని రోజులు నడిపిచ్చిందట గద, తెడ్డు వాడే చూసుకుంటడు."

అట్ల మర్హూన్ ఉస్తాదు అయ్యిండు.

బజారోళ్ల నోర్లు ఊకుంటయా? మసీదు మెట్ల కాడ ఒకాయన నవ్వుకుంట అన్నడు, "మర్హూన్ తెలివిగల్లోడు. ఒక్క మాటతోని తెడ్డు గుంజుకున్నడు." మర్హూన్ కోపానికొచ్చి ఆయన మీదికి పోయిండు, నలుగురు పట్టుకున్నరు. పట్టుకున్నోళ్లు కూడ లోపల అదే అనుకుంటున్నరని వాళ్ల చేతులు చెప్పినయ్. అన్నిటికంటే ఎక్కువ, సువైలిం కూడ అట్లనే అనుకుంటున్నడేమో అన్న అనుమానం మర్హూన్‌ను తిననియ్యలే, పండనియ్యలే.

సువైలిం ముంగట కూసున్నడు. చిన్న గిన్నెలల్ల ఖహ్వా పోస్తడు, గిరాకి ఇగ సాలని గిన్నె ఊపితే ఆపుతడు. ఆ పని కూడ ఆయన మంచిగనే చేసిండు. అయితే వచ్చినోళ్లందరూ, "పాపం, ఎట్లున్నది ఇప్పుడు?" అని అడుగుతరు. తమ ఇంట్ల ఎవరెవరికి ఉన్నదో చెప్తరు. మెంతులు నానబెట్టి తాగు అంటరు, ఒంటె పాలు తాగు అంటరు. ఒకప్పుడు ఆయన మాట కోసం ఆగినోళ్లు ఇప్పుడు ఆయనకు మాటలు చెప్తున్నరు. సువైలిం అన్నిటికి తల ఊపుతడు. లోపలికి, గంగాళం కాడికి, ఒక్కసారి కూడ రాలే. పళ్లాలు అందుకునేటప్పుడు కూడ గడప ఇవతలనే నిలబడి చేతులు చాపుతడు. మర్హూన్ "అన్నా" అంటే "ఆఁ" అంటడు. అంతే.

మర్హూన్ చేతుల కూడ హల్వా మునుపటి లెక్క కుదరలే. నాలుక ఒకటే ఉంటే సాలదని అప్పుడు తెలిసింది. తెడ్డు మీదికెళ్లి జారే తీరు చూసే ఆ కండ్లు లేకుంటే ఎప్పుడు దగ్గాల్నో ఎప్పుడు మీసం తుడువాల్నో తనకే తెలుస్తలేదు. కొత్తగ పెట్టిన రెండో చెయ్యి మంచోడే గని, ఊకె మాట్లాడుతనే ఉంటడు.

"పోయి మాట్లాడు," అన్నది శంసా. "మగోళ్లు ఇద్దరూ మూతులు ముడుచుకుని ఎన్ని రోజులు తిరుగుతరు?"

"ఏమని మాట్లాడాలె?"

"తప్పయ్యింది అను. ఆ మాటకు ఒంటె కావాల్నా మోసుకపోనీకి?"

అట్ల చాలా రోజులు ఆగిండు. ఆఖరికి ఒక గురువారం నాడు, సాయంత్రపు అసర్ నమాజు అయినంక మసీదు బయటనే పట్టుకుని చెప్పాలె అని మనసు గట్టి చేసుకున్నడు. ఏం చెప్పాల్నో లోపల కూర్చుకున్నడు. నేను తెడ్డు కోసం అనలే అన్నా. నీ పాదం చూసి అన్న. అయినా నీ మాట నీ నోటి నుంచి నేను గుంజుకున్న, అది తప్పు. ఇదే. ఎన్నిసార్లు అనుకున్నా ఇదే వస్తున్నది.

ఆరోజు మధ్యాహ్నం దుకాణంల గిరాకి ఎక్కువ. ఒక పెద్దమనిషి ఖహ్వా తాగుకుంట, "సువైలిం, చేపల దుకాణంల పిల్లిని కట్టేసినట్టయ్యింది గద నీ పని," అన్నడు. అందరూ నవ్విన్రు. సువైలిం కూడ నవ్విండు. ఆ పెద్దమనిషి తాగిన గిన్నె తీసుకుని కడిగిండు. మిగతా గిన్నెలన్నీ కూడ కడిగి, తుడిచి, బోర్లిచ్చిండు. మర్హూన్ లోపలి నుంచి అది చూసిండు. చూసి, అసర్ అయినంక చెప్పాలె గద అనుకుని మల్ల పొయ్యి దిక్కు తిరిగిండు.

అసర్‌కు మసీదుల సువైలిం కనబడలే. ఒంట్లె బాగలేదేమో అనుకున్నడు. నమాజు అయినంక బజారు ఎన్కకు, ఆ అర్ర కాడికి పోయిండు. తలుపుకు తాళం. పక్కింటామె తలుపు సందుల నుంచే చెప్పింది.

"జువైనాను పికప్ బండిల పండబెట్టుకుని పోయిన్రు. కొండ మీదికి, వాళ్ల ఊరికి. రెండు మూటలు, ఒక చాప. అంతే సామాను."

"ఎప్పుడొస్తరట?"

"ఏమో. నేను అడిగిన. ఆయన సలాం అని మటుకు అన్నడు."

మర్హూన్ ఆ తాళం పట్టి చూసిండు. కూర్చుకున్న మాటలన్నీ అట్లనే ఉన్నయ్, ఒక్కటి కూడ తప్పిపోలే. కొండ మీదికి పోయే తొవ్వ ఆయనకు ఎర్కనే. బండ్లు దొరుకుతయ్. పోవచ్చు. అయితే పోయి, ఆ మనిషి తన ఊళ్లె తన గడప ముంగట కూసున్నప్పుడు, మల్ల అడగకుంట పోయి మాట్లాడుడు కూడ మైదానంల నోరు తెరిచినసొంటిదే అయితదేమో అనిపిచ్చింది.

దుకాణంకు వచ్చేసరికి అబూ యాకూబ్ ముంగట ఒక్కడే ఉన్నడు, గిరాకికి తనే ఖహ్వా పోస్తున్నడు.

"సువైలిం ఏడి?"

"పోయిండు."

"ఏడికి?"

"ఊరికి. అక్కను తీసుకుని."

"నీకు చెప్పిండా?"

"లే," అన్నడు మర్హూన్. "నాకూ చెప్పలే."